రంగు గింజ

చేను మధ్యలో ఒక మొక్క నడుం విరిగి పడి ఉంది.

ఏ గొడ్డో తొక్కి ఉంటుందిలే అని అక్క దాటబోయింది. దాటి, ఆగింది. గొడ్డు తొక్కితే ఆకు నలగాలి, మట్టిలో గిట్ట దిగాలి. అదేమీ లేదు. కింద పచ్చగానే ఉంది, పైనా పచ్చగానే ఉంది. మధ్యలో మాత్రం ఎవరో పుల్ల విరిచినట్టు కాండం విరిగింది. విరిగిన చోట గోధుమరంగు మచ్చ ఒకటి కాండాన్ని చుట్టేసి ఉంది.

గొంతుక్కూర్చుని ఆకులు తిప్పి చూసింది. గుండ్రటి మచ్చలు. మచ్చలో మచ్చ, దాన్లో ఇంకో మచ్చ, ఆ వలయాల మీద సూదిమొనతో పొడిచినట్టు నల్లటి చుక్కలు. ఈ మచ్చలేమిటో ఆమెకి తెలుసు.

అయినా ఆశ ఊరుకోదు కదా. మొక్కని వేరుతో సహా పీకి, బ్లేడుతో నిలువుగా చీల్చింది. లోపల నల్లటి చార ఉంటే అది ఎండు తెగులు. నేలలో ఉంటుంది, ఉన్నచోటే మొక్కని చంపుతుంది, పక్క చేనికి పాకే తొందర దానికి ఉండదు. చార ఉండాలి, ఉండాలి అనుకుంటూ చూసింది. వేరు పాలమీగడలా తెల్లగా ఉంది.

అంటే ఆకుమచ్చ తెగులు. నాలుగు చినుకులు పడితే చాలు, ఆ నల్ల చుక్కలు పగిలి తుంపరతో పాటు ఎగిరి పక్క మొక్క మీద వాలుతాయి. గాలి తోడైతే పక్క చేని మీద.

ఆమె లేచి చాళ్ళ వెంట నడిచింది. ఇంకో చోట. ఇంకో చోట. చాప పరిచినంత మేర మొక్కలు తలలు వాల్చేశాయి. మళ్ళీ కొంత దూరం నవనవలాడే పైరు, మళ్ళీ చాప. గట్టెక్కి పక్క రైతు పొడుగాయన చేనిలోకి తొంగి చూసింది. ఒక్క మచ్చ లేదు. గాలికొచ్చిన తెగులైతే ఏదో ఒక అంచు నుంచి మొదలవ్వాలి. ఇలా చేనంతా చల్లినట్టు ఉందంటే, చల్లిందే. గింజతో పాటే వచ్చింది.

ఆ గింజ ఇచ్చింది సొంత తమ్ముడు.

ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. విత్తనాల షెడ్డు యజమానికి అక్క కాబట్టి ఊరందరికీ అక్కే. మొగుడు లారీ తోలుకుని వెళ్ళి, లారీని మాత్రం వెనక్కి పంపాడు. అప్పటి నుంచి తమ్ముడి ఇంటి వెనక గదిలో ఉంటోంది. ఆ గదికి ఒకటే కిటికీ, కిటికీకి ఎదురుగా స్నానాల గది గోడ. "మా అక్కని నేనే చూసుకుంటున్నానండీ" అని తమ్ముడు వచ్చినవాళ్ళకల్లా చెబుతుంటే, ఆ గోడ వైపు చూస్తూ వినేది.

కాళ్ళావేళ్ళా పడి ఈ నల్లనేల కౌలుకి తీసుకుంది. పొలం ఆసామి ఒక్కటే మాట అన్నాడు. "ఒంటరి మనిషివి, మొదటి పంట. కోతదాకా తెచ్చి చూపించు, పొలం నీ దగ్గరే ఉంచుతా. తేలేకపోయావా, పొడుగాయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, ఆయనకిచ్చేస్తా." పంట నిలబడితే పొలం నిలబడుతుంది. పొలం నిలబడితే వెనక గది ఖాళీ చెయ్యొచ్చు. ఆమె బతుకు మొత్తం ఆ శనగ మొక్కల మీద వేలాడుతోంది.

ఈ ప్రాంతంలో శుద్ధి చేసిన విత్తనాన్ని రంగు గింజ అంటారు. ఒకప్పుడు విత్తనానికి పట్టించే మందే ఎర్రగా ఉండేది. గింజ ఎర్రబడిందంటే మందు పట్టినట్టే. తర్వాత మందు మారింది, తెల్లగా వచ్చింది. మందేసిన గింజని ఎవరూ పొరపాటున వండుకోకుండా రంగుని వేరే పొట్లంలోంచి కలపడం మొదలైంది. మందు మారింది కానీ మాట మారలేదు. షెడ్డుకొచ్చిన ప్రతి రైతూ "రంగు పట్టించావా?" అనే అడుగుతాడు. అక్క కూడా అదే అడిగింది. "పట్టించకుండా ఇస్తానా అక్కా" అని తమ్ముడు సంచి మూతి విప్పి చూపించాడు. గింజలు దానిమ్మ గింజల్లా ఎర్రగా మెరిశాయి.

మరి అంత ఎర్రటి గింజలోంచి ఈ తెగులెలా వచ్చింది? మందే కల్తీ అయ్యుండాలి. ఆమె మొక్కని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి కట్టింది. కాలువలో చెప్పులు కడుక్కుంది. బస్సెక్కి నేరుగా బజార్లో ఉన్న మందుల కొట్టుకి వెళ్ళింది.

కొట్టంతా ఘాటైన వాసన. అరల నిండా డబ్బాలు, పురుగుల బొమ్మల పోస్టర్లు, మధ్యలో ఫ్యాను కింద కొట్టాయన.

"రా అక్కా. ఏంటి, టెస్టుకి తెచ్చినట్టు కవర్లో కట్టి తెచ్చావు?"

"టెస్టే. రిజల్టు కూడా నేనే చెప్తా. నువ్వు మా తమ్ముడికి సుద్దపొడి అమ్మావు."

కొట్టాయన నవ్వు ఆగిపోయింది. కవరు అందుకుని, మూతి విప్పకుండానే వెలుగుకి ఎత్తి చూశాడు. చూసి, ఠక్కున బల్ల కింద పెట్టేశాడు.

"ఇది ఇక్కడ విప్పకు తల్లీ. పొద్దున్నుంచీ వచ్చేవాళ్ళంతా శనగ రైతులే. చొక్కాలకంటుకుని పోతుంది."

"మాట మార్చకు. మందు సంగతి చెప్పు."

"మందు నిఖార్సైన మందు. అదే మందు పట్టించిన గింజ పొడుగాయన వేశాడు, కాలువ అవతలోళ్ళు వేశారు. వాళ్ళకి వచ్చిందా?"

పొద్దున గట్టెక్కి చూసిన పొడుగాయన చేను ఆమెకి గుర్తొచ్చింది.

"ఈసారి మందు సరిగా దొరకలేదక్కా. మీ తమ్ముడికి కావాల్సినంత నేనివ్వలేకపోయా. ఉన్నదేదో పట్టుకెళ్ళాడు. రంగు మాత్రం ఎప్పుడూ తీసుకెళ్ళేంత తీసుకెళ్ళాడు. 'ఇంత రంగెందుకయ్యా, షెడ్డుకేమన్నా పూయిస్తావా' అని నేనే వెటకారమాడా."

"ఏమన్నాడు?"

"నవ్వాడు."

ఆమె కవరు తీసుకుని కొట్టు మెట్లు దిగింది. ఎండ చుర్రుమంటోంది. మందు తక్కువ, రంగు సరిపడా. తేడా ఎక్కడికి పోయింది? పొడుగాయన గింజకి మందు పట్టింది. కాలువ అవతలివాళ్ళ గింజకి పట్టింది. ఆమె నడక వేగం పెరిగింది. షెడ్డు చేరేసరికి దాదాపు పరిగెడుతోంది.

షెడ్డులో డ్రమ్ము తిప్పే మనిషిని మిక్సర్ మావయ్య అంటారు. ముసలాయన. గింజ, మందు, రంగు డ్రమ్ములో పోసి పిడి పట్టుకుని తిప్పడమే పని. మోచేతుల దాకా చేతులెప్పుడూ ఎర్రగా ఉంటాయి. పెళ్ళికెళ్ళినా చేతులు వెనక్కి దాచుకుంటాడు, చూసినవాళ్ళు ఎవర్నో పొడిచొచ్చాడనుకుంటారని. ఇప్పుడు సీజను అయిపోయింది కాబట్టి ఖాళీ సంచులు దులుపుతున్నాడు.

"మావయ్యా, నా సంచులు తిప్పింది నువ్వేగా?"

"నేను కాక ఇంకెవరమ్మాయ్? ఈ డ్రమ్ముకి నేనే మొగుణ్ణి."

"మందేశావా?"

మావయ్య సంచి దులపడం ఆపాడు. షెడ్డు తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు.

"రంగేశాను."

"రంగు అడగలేదు. మందు."

"నేనడిగానమ్మా. మందేది బాబూ, డబ్బా అడుగంటింది అన్నా. రెండ్రోజులాగితే వస్తుందేమో అని కూడా అన్నా. 'రంగు పట్టించు, చాల్లే. అక్కదేగా. మనవాళ్ళదేగా' అన్నాడు." మావయ్య తన ఎర్రటి చేతులు పంచెకి తుడుచుకున్నాడు. ఏమీ పోలేదు. "పోయినసారి వానలో తడిసిన చేనిది ఆ గింజ. మందు పడితే ఏ ఇబ్బందీ లేదు. పడకపోతేనే..."

"నలుగుర్లో అడిగితే ఈ మాట చెప్తావా?"

"అడిగితే చెప్తా. అబద్ధమాడాల్సిన ఖర్మ నాకెందుకు?"

అక్క డ్రమ్ము వైపు చూసింది. పొరపాటని ఎవరైనా చెబుతారేమోనని అప్పటిదాకా ఎదురుచూసింది. కొట్టువాడి పొరపాటు, ముసలాయన మతిమరుపు, ఏదో ఒకటి. తెలిసే చేశాడన్నది ఆమె ఊహకే రాలేదు.

తమ్ముడి ఆఫీసు గది ఇంటి ముందు భాగంలోనే ఉంది. బల్ల మీద కాటా, గిన్నెల్లో రకరకాల శనగలు. తమ్ముడు ఒక గింజని పళ్ళ మధ్య పెట్టి కొరికి, తేమ ఎంతుందో చూస్తున్నాడు. మరదలు టీ గ్లాసులు తెచ్చి పెట్టి, ఆడబిడ్డ ముఖం చూసి, చల్లగా లోపలికి జారుకుంది.

అక్క కవరు తీసుకెళ్ళి కాటా మీద పెట్టింది.

"ఏంటక్కా ఇది?"

"నువ్వే చెప్పు. విత్తనాల వ్యాపారివి."

అతను కవరు వైపు చూశాడు. కళ్ళు ఒక్క క్షణం అక్కడే ఆగిపోయాయి. తర్వాత టీ గ్లాసు అందుకున్నాడు.

"మందు కొడితే పోతుంది. సాయంత్రం నేనే పంపిస్తా, పంపుతో సహా."

"నా గింజకి మందెందుకు పట్టించలేదు?"

"ఎవరన్నారు?"

"ఒరేయ్, నేను నిన్ను ఎత్తుకుని తిప్పినదాన్ని. నా దగ్గరా?"

తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. దబాయిస్తాడనుకుంది. దబాయించలేదు. అలిసిపోయినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు.

"మందు చాల్లేదక్కా. అందరికీ మాటిచ్చేశాను. ఎవరో ఒకరికి తగ్గాలి. పొడుగాయనకి తగ్గించానే అనుకో, తేడా వస్తే సంచులు తెచ్చి షెడ్డు ముందు పారబోస్తాడు. కాలువ అవతలోళ్ళకి తగ్గిస్తే వచ్చే ఏడు ఇంకో షెడ్డుకి పోతారు. నువ్వెక్కడికి పోతావు?"

అక్క తన ముందున్న టీ గ్లాసుని పక్కకి జరిపింది.

"బయటోడికి తేడా వస్తే నా మీదకొస్తాడు" అన్నాడు తమ్ముడు, ఎంతో ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు. "నీకు తేడా వస్తే నా ఇంటికొస్తావు. ఇంట్లోనే ఉన్నావు కదా. తిండికి లోటు చేశానా ఎప్పుడన్నా? ఊరికే ఇచ్చిన గింజే కదా. అయినా వస్తుందని రాసిపెట్టుందా? రాకపోను కూడా."

"ఆ పొలం పోతే నాకేం మిగుల్తుందో నీకు తెలుసు."

"పోదు. నా మాట విను. మందు కొట్టు, నోరు మూసుకుని ఉండు. ఎవరైనా అడిగితే వానకొచ్చిందని చెప్పు."

"వానే పడలేదు కదరా ఇంకా!"

"రేపోమాపో పడుతుందిగా."

ఆమెకి నవ్వొచ్చింది. అది ఏడుపో నవ్వో ఆమెకే తెలీలేదు.

ఆ సాయంత్రం మందొచ్చింది, పంపొచ్చింది. ఆమె కొట్టింది. నిజం చెప్పాలంటే, తమ్ముడి మాట వింది. వినకూడదని తెలిసీ వింది. పొలం పోతుందన్న భయం అలాంటిది. వీపున పంపు కట్టుకుని చాలు చాలుకీ తిరిగింది, వాడిన చాపలన్నీ పీకి గుంటలో వేసి తగలబెట్టింది. ఆగిందేమో అనుకుంది. ఆగినట్టే కనిపించింది కూడా. ఈలోగా పొడుగాయన గట్టు మీద నిలబడి "ఏంటమ్మా పొగ?" అని అడిగితే, "కలుపండీ" అంది.

తర్వాత ఒక ఉదయం మంచు బాగా కురిసింది. పైరంతా తడిసి ముద్దయింది. అది ఆరిన కొద్ది రోజులకి, అప్పటిదాకా శుభ్రంగా ఉన్న మొక్కల మీద కొత్త మచ్చలు లేచాయి. చేను నడుమ కాదు. పొడుగాయన గట్టు పక్క చాలులో.

ఆమె తలెత్తింది. ఆకాశం వైపు చూసింది. పడమట మబ్బులు ముసురుకుంటున్నాయి. ఫోనులో వాతావరణం చెప్పే అమ్మాయి పొద్దున్నుంచీ ఒకటే మాట: గాలివాన, గాలివాన. గాలి పడమటి నుంచి. ఆమె చేను పడమట, పొడుగాయనది తూర్పు, దాని వెనక ఎవరెవరివో చేలు, కాలువ దాకా ఒకటే శనగ.

ఈ చేను వానలో నిలబడితే అవన్నీ పోతాయి. పడగొడితే తను పోతుంది.

దారులు రెండే, మూడోది లేదు. మబ్బులు తోసుకొస్తుంటే ఆమె గట్టు మీద కూర్చుని అటూ ఇటూ చూసింది. పొడుగాయన అంటే ఆమెకేమీ ప్రేమ లేదు. తన పొలం మీద కన్నేసినవాడు, కనిపించినప్పుడల్లా "కష్టంగా ఉందామ్మా? వదిలెయ్యరాదూ" అనేవాడు. వాడి చేను మాడిపోతే మనసులో ఒక మూల చల్లగానే ఉంటుంది. కానీ కాలువ దాకా ఉన్నవాళ్ళంతా పొడుగాయనలు కారు. అందులో ఒకావిడ తనలాంటిదే, ఒంటరిది.

ఆమె లేచి ట్రాక్టరతనికి ఫోను చేసింది. "పెద్ద నాగలి పెట్టుకుని రా. లోతుగా దున్నాలి, మొక్క కనపడకుండా లోపలికి పోవాలి." ఆ తర్వాత గట్టు దాటి పొడుగాయన ఇంటికెళ్ళి, గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది. "నా చేనికి ఆకుమచ్చ వచ్చింది. దున్నించేస్తున్నా. వాన రాకముందే మీరూ మందు కొట్టండి. వెనకవాళ్ళకీ చెప్పండి."

ట్రాక్టరు వచ్చేసరికి గట్టు మీద జనం పోగయ్యారు. పూతకొచ్చిన చేనిని దున్నడం ఎవరికైనా వింతే. ఊదారంగు పూలు మట్టిలోకి దిగబడుతుంటే ఒక ముసలావిడ "అయ్యో, అయ్యో" అంటూనే ఉంది. అక్క చూడలేదు. నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడింది, ట్రాక్టరు బయటికొచ్చాక చక్రాలు కడిగించాలని.

"ఈవిడ శుభ్రం పాడుగాను" అన్నాడు ట్రాక్టరతను. "మా ఇంటావిడ నా కాళ్ళు కూడా ఇన్నిసార్లు కడిగించదు."

కొందరు నవ్వారు. ఆ నవ్వులోనే మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. తమ్ముడు. వెనక సీటు మీద మిక్సర్ మావయ్య.

తమ్ముడు బండి దిగి, దున్నిన నేల వైపు చూశాడు. అక్క వైపు నడిచి, గొంతు తగ్గించి, "ఎంత పని చేశావు" అన్నాడు. అంతలో పొడుగాయన ముందుకొచ్చాడు.

"ఏమయ్యా, ఇది నీ షెడ్డు గింజేగా? రేపు మా గతేంటి?"

ఈ ప్రశ్న కోసమే అందరూ నిలబడ్డారు. తమ్ముడు వాళ్ళ ముఖాలు ఒకసారి కలియజూశాడు. తర్వాత పెద్దగా నిట్టూర్చాడు.

"చెప్పకూడదనుకున్నానండీ. ఇంటి గుట్టు. నేనిచ్చిన గింజ చాల్లేదని మా అక్క పాత గింజ ఎక్కడిదో తెచ్చి కలిపింది. కలపొద్దని మొత్తుకున్నా. విన్లేదు. ఏం చెయ్యను, అక్క!"

అక్క ముందుకొచ్చింది. "నేనా? నేను కలిపానా? మావయ్యా! నాతో చెప్పింది చెప్పు. నా సంచులకి మందేశావా, లేదా?"

అందరి తలలూ ముసలాయన వైపు తిరిగాయి. మావయ్య చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకేం తెలుసమ్మా. బాబు పొయ్యమన్నది పోస్తా, తిప్పమన్నంతసేపు తిప్పుతా."

"అడిగితే చెప్తానన్నావు కదా!"

"డ్రమ్ము తిప్పేవాణ్ణి. నాకేం తెలుసు."

"తెలిసే ఇన్నాళ్ళూ దాచావన్నమాట" అన్నాడు పొడుగాయన, ముసలాయనతో కాదు, అక్కతో. "ఆ రోజు పొగేంటమ్మా అంటే కలుపన్నావు. నా గట్టు పక్కనే రోగం పెట్టుకుని కలుపన్నావు. అవునా కాదా?"

మిగతా వాటన్నిటికీ జవాబుంది. దీనికి లేదు. అవును, దాచింది. ఎన్నాళ్ళు దాచిందో, ఎందుకు దాచిందో చెప్పబోతే తమ్ముడి అబద్ధానికే బలం. ఆమె నోరు తెరిచింది, మూసింది. ఆ మౌనం చూసి గట్టు మీది జనం ఒక నిర్ణయానికొచ్చేశారు. అది ఆమె కళ్ళతో చూసింది. ఒక్కొక్కరూ చూపు తిప్పుకుని తమ్ముడి దగ్గరికి జరిగారు, ఏ మందు కొట్టాలో, ఎంత కొట్టాలో అడగడానికి. అతను చెబుతున్నాడు. చక్కగా, ఓపిగ్గా, తప్పు లేకుండా చెబుతున్నాడు.

ఆ రోజే ఆమె వెనక గది ఖాళీ చేసింది. మరదలు గుమ్మం దాకా వచ్చి "ఎక్కడికి పోతావు వదినా, ఆయనేదో నలుగుర్లో పరువు కాపాడుకోవడానికి అన్నాడు, మనసులో ఏం ఉండదు" అంది. "ఉండదు, అదే నా బాధ" అని ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. బస్టాండు వెనక సందులో, సైకిలు షాపు పైన ఒక గది దొరికింది.

గాలివాన వచ్చింది. ఊగించి ఊగించి కొట్టింది. ఆమె ఆ గది కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తెల్లారి వెళ్ళి చూస్తే తన పొలం ఒక నల్లటి ముద్ద. పొడుగాయన చేను తడిసి, వంగి, మళ్ళీ లేచింది. గట్టు పక్క కొన్ని మొక్కలకి తగిలింది, అంతకు మించి పాకలేదు. కాలువ దాకా అన్ని చేలూ నిలబడ్డాయి.

ఆసామి కబురు పంపాడు. తిట్టలేదు. "అనుకున్న మాటే కదమ్మా" అన్నాడట.

కోతలొచ్చాయి. మనుషులు దొరకడం లేదు. పొడుగాయన మేస్త్రి పిలిచిన కూలీల్లో అక్క కూడా ఉంది. శనగని పొద్దున్నే కొయ్యాలి, మంచు ఆరితే కాయ రాలిపోతుంది. ఆ మంచులో శనగాకు పులుపు దిగి వేళ్ళ సందుల్లో పగుళ్ళని మంటెత్తిస్తుంది. మిగతా ఆడవాళ్ళు గుడ్డలు చుట్టుకున్నారు. ఆమెకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. సొంత పంట కోసి ఉంటే తనే తెలుసుకునేది.

ఎండ ఎక్కాక పొడుగాయన గట్టు మీదికొచ్చాడు. కాయ గలగలలాడించి చూసుకుని, అక్కని చూసి దగ్గరికొచ్చాడు.

"ఏమ్మా, బాగున్నావా? ఆ పొలం నాకు కౌలుకిచ్చాడు ఆసామి. వచ్చే పంటకి అందులోనూ శనగే. విత్తనం మీ తమ్ముడికి చెప్పేశా."

ఆమె కొడవలి ఆపింది. చెప్పకుండా ఉండొచ్చు. ఎవరూ అడగలేదు. ఊరుకుంటే వచ్చే ఏటికి ఈ మనిషి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంది. ఊహ చాలా బాగుంది. దాన్ని కాసేపు అలాగే ఉంచుకుని చూసుకుంది.

"శనగ వెయ్యకండి" అంది. "ఆ మొక్కలన్నీ అందులోనే దున్నాం. ఆ చెత్త పూర్తిగా చివికిపోయేదాకా తెగులు దాన్లో బతికే ఉంటుంది. మూడేళ్ళు ఇంకేదైనా వెయ్యండి. జొన్న వేసుకోండి. గింజకి ఎంత మందు పట్టించినా, నేలలో చెత్త పైకొస్తే ఆగదు."

పొడుగాయన ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలిలాంటిదేదో ఉంది. అదే భరించలేకపోయింది.

"మీ తమ్ముడు ముందే చెప్పాడులే, ఇలాంటిదేదో అంటావని" అన్నాడు. "కుళ్ళు నేలలో లేదమ్మా. నీ కడుపులో ఉంది."

కోత కోస్తున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. అందరికంటే ముందు నవ్వింది ఆ కాలువ పక్క ఒంటరావిడే, పొడుగాయన రేపు కూడా పనికి పిలవాలని.

"మీ చేను ఎందుకు నిలబడిందో తెలుసా మీకు?" అంది అక్క.

"తెలీకేం? నేను మందు కొట్టబట్టి." పొడుగాయన అప్పటికే వెనుదిరిగాడు. నాలుగడుగులు వేసి, మళ్ళీ ఆగి, "ఆ చాలు చివర్న సరిగా కొయ్యట్లేదు, కాయ కిందే వదిలేస్తున్నావు. చూసుకో" అన్నాడు.

ఆమె తల వంచింది. రాలిన కాయలు ఏరి ఒళ్ళో వేసుకుంది, మొదళ్ళు గుప్పిట పట్టి కొడవలి పెట్టింది. చేను ఇంకా సగానికి పైగా మిగిలి ఉంది.